ఒక కత్తి, రెండు వయసులు

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ వయసెంతని ఎవరినైనా అడగండి. బాడీ చూసి చెప్పరు. రేకులూ రంగులూ, నెత్తిన రాసిన దుర్గమ్మ పేరూ అన్నీ ఇక్కడి షెడ్లలో కట్టినవేనని వాళ్ళకు తెలుసు. వంగి, ఛాసిస్ మీద కొట్టిన నెంబరు చూస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు జపాన్ సైనిక ఖడ్గాన్ని గుర్తుపట్టే పద్ధతీ ఇంతే. మొదట కంటబడే ఒర, పిడి, ఇత్తడి పూలు బాడీ అయితే, లోపల దాగిన ఉక్కు అలుగు ఛాసిస్. రెండూ ఒకే ఏట పుట్టాలన్న నియమం లేదు. 1940లో కట్టిన సైనికాధికారి పిడిలో 1640 నాటి అలుగు ఉండొచ్చు. పాతకాలపు నల్ల లక్క ఒరలో 1942 నాటి మిల్లు ఉక్కు ఉండొచ్చు. అందుకే ఇలాంటి కత్తి చేతికొచ్చినప్పుడు "ఇది ఎప్పటిది?" అని ఒకే ప్రశ్న వేస్తే తప్పుడు జవాబే వస్తుంది. అలుగును వేరే వస్తువుగా, దాని తొడుగును వేరే వస్తువుగా తీసుకుని, రెండింటినీ విడివిడిగా సాక్ష్యం అడగాలి. ఆ సాక్ష్యాల్లో దేన్ని ఎంత నమ్మాలన్నదే ఈ అధ్యాయంలో అసలు విషయం.

ఈ రెండు వయసుల చిక్కు ఊరికే రాలేదు. 1876లో మెయిజీ ప్రభుత్వం సైనికాధికారులూ పోలీసులూ తప్ప ఎవరూ కత్తి కట్టుకుని తిరగరాదని శాసించింది. సమురాయ్ కుటుంబాల కత్తులు పెట్టెల్లోకి చేరాయి. యూరప్‌ను చూసి యూనిఫాం కుట్టించుకున్న కొత్త సైన్యం కత్తినీ అక్కడి పద్ధతిలోనే చేయించుకుంది. 1886 నాటి అధికారి కత్తికి పాశ్చాత్య సేబర్లలాగా వేళ్ళ మీదుగా వంగిన ఇత్తడి కమ్మీ ఉంటుంది. 1930లలో దేశాభిమానం సైనిక వేషం కట్టాక పడమటి మోజు పోయింది. 1934లో, మధ్యయుగాల వీరులు నడుముకు వేలాడదీసుకున్న ఖడ్గం తీరులో కొత్త నమూనా వచ్చింది. జపాన్ రాజవంశ శకం ప్రకారం అది 2594వ సంవత్సరం కాబట్టి దాన్ని 94వ నమూనా అన్నారు. 1938లో కొంచెం ఖర్చు తగ్గించి 98వ నమూనా తెచ్చారు. నడుముకు వేలాడదీసే రెండు కొక్కేల్లో ఒకటి పోయింది. ఇక్కడ గమనించాల్సింది డబ్బు లెక్క. అధికారి తన కత్తిని తానే కొనుక్కోవాలి. స్తోమత ఉన్నవాడు మంచి కమ్మరితో చేయించుకున్నాడు, లేనివాడు దుకాణంలో సిద్ధంగా ఉన్నది కొన్నాడు, ఇంట్లో తాతల నాటి అలుగు ఉన్నవాడు దాన్నే తెచ్చి కొత్త పిడి వేయించుకున్నాడు. బయటినుంచి చూస్తే ముగ్గురి కత్తులూ ఒకేలా ఉంటాయి.

సార్జెంటు స్థాయి వాళ్ళ కత్తి సంగతి వేరు. దాన్ని సైన్యమే ఇచ్చింది కనుక గుర్తించడం తేలిక. 1935 నాటి 95వ నమూనా ఇది. పిడి మీద నూలు పట్టీ అల్లినట్టు కనిపిస్తుంది గానీ తాకితే చల్లగా తగులుతుంది. పోతపోసిన అల్యూమినియానికి రంగు పూసి అల్లికలా చూపించారు. మొదట్లో వచ్చినవాటికి రాగి పిడి ఉండేది, యుద్ధం చివరికి లోహం కరువై కొయ్య పిడికి గీతలు చెక్కి సరిపెట్టారు. అలుగు యంత్రం మీద తయారైంది. దాని పొడవునా లోతైన గాడి ఉంటుంది, పిడి దగ్గర వరుస నెంబరు కొట్టి ఉంటుంది. ఒర నోటి దగ్గర కూడా అదే నెంబరు ఉండాలి. రెండూ కలిస్తే ఆ కత్తి తన ఒరతోనే ఉందని అర్థం, కలవకపోతే ఎక్కడో మారిందని అర్థం. దీని మీద కమ్మరి పేరు వెతకడం దండగ. మార్కెట్లో ఎక్కువగా నకిలీ అయ్యేది కూడా ఇదే. నకిలీల్లో నెంబరు అంకెలు వంకరటింకరగా, ఒక్కో అంకె ఒక్కో లోతులో ఉంటాయి. గాడి అంచులు మొద్దుబారి ఉంటాయి. అసలు కత్తి ఫ్యాక్టరీ సరుకే అయినా సైనిక ఆయుధాగారం తనిఖీ దాటి వచ్చిన సరుకు, అంచులన్నీ తీర్చినట్టుంటాయి.

అధికారి కత్తి దగ్గరికొస్తే పిడి విప్పక తప్పదు. విప్పడానికి వీలుగానే జపాన్ వాళ్ళు దాన్ని చేశారు. పిడి పక్కన చిన్న వెదురు చీల ఉంటుంది, కొన్నిటికి మర కూడా ఉంటుంది. కొయ్య పుల్లతో మెల్లగా కొడితే చీల బయటికి వస్తుంది. ఎడమ చేత్తో పిడి చివర పట్టుకుని, అలుగు పైకి ఉంచి, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో కొడితే పిడి లోపల ఉన్న అలుగు తోక వదులవుతుంది. తర్వాత చేతి అడ్డుబిళ్ళ, దానికి అటూ ఇటూ ఉన్న పలుచని వాషర్లు, అలుగు మొదట్లోని రాగి తొడుగు ఒక్కొక్కటే జారి వస్తాయి. బిళ్ళలన్నిటి మీదా చిన్న అంకెలు ఒకేలా కొట్టి ఉంటే ఆ తొడుగు మొత్తం ఒకే చేతిమీద అమరిందని తెలుస్తుంది. మన కత్తులతో పోలిస్తే ఈ సౌలభ్యం ఎంత గొప్పదో అర్థమవుతుంది. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో, అంటే 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో మొదలైన భవనంలో, పాతకాలపు కత్తులూ డాళ్ళూ ప్రదర్శనలో ఉన్నాయి. దక్కను తల్వార్‌కు లోహపు పిడిని లక్క కరిగించి పోసి అతికిస్తారు. వేడి చేయనిదే తోక బయటపడదు, వేడి చేస్తే వస్తువుకు చేటు. మన కత్తి గుట్టు విప్పదు. జపాన్ కత్తి ఒక చీల తీస్తే చాలు.

పిడిలో దాగే ఆ తోక మీదే ప్రధాన సాక్ష్యాలుంటాయి. ఒకవైపు కమ్మరి పేరు, రెండోవైపు తేదీ ఉండడం ఆచారం. తేదీ చదవడానికి జపాన్ భాష రానక్కర్లేదు. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకు రెండు, మూడుకు మూడు. పదికి మనం కూడికకు వాడే గుర్తు. యుద్ధకాలపు తేదీకి పైన శోవా శకం పేరు రెండు అక్షరాల్లో ఉంటుంది. ఆ కింద వచ్చే సంవత్సరానికి 1925 కలిపితే మన లెక్క వస్తుంది. శోవా 17 అంటే 1942. నెల విషయంలో మాత్రం తొందరపడొద్దు. రెండో నెలనో ఎనిమిదో నెలనో చెక్కడం కమ్మరుల్లో పాత ఆనవాయితీ, కనుక ఆగస్టు అని కనిపించినంత మాత్రాన ఆగస్టులోనే కాల్చారని కాదు. పేరుతో పాటు చిన్న ముద్రలు కూడా వెతకాలి. సెకి పట్టణం యుద్ధకాలంలో కత్తుల తయారీకి పెద్ద కేంద్రం. అక్కడి తనిఖీ ముద్ర గానీ, శోవా పేరులోని మొదటి అక్షరం ముద్ర గానీ ఉంటే అది సాధారణంగా పాత పద్ధతిలో చేయని అలుగే. చిన్న నక్షత్రం ముద్ర ఉంటే సైన్యం ఆమోదించిన కమ్మరి సంప్రదాయ పద్ధతిలో చేసిందనుకోవచ్చు.

ఇంత స్పష్టంగా పేరూ ఊరూ ఉన్నాక ఇక వాదన దేనికని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సంతకాన్ని చివరి సాక్షిగానే పిలవాలి. ప్రసిద్ధ కమ్మరుల పేర్లు దొంగగా చెక్కడం జపాన్‌లో శతాబ్దాలుగా సాగిన పని. యుద్ధం దానికి కొత్తేమీ నేర్పలేదు. ఉలికి అబద్ధం ఆడడం తేలిక, ఉక్కుకు అంత తేలిక కాదు. ముద్ర లేదు కాబట్టి సంప్రదాయ అలుగే అనడం కూడా తర్కం కాదు. ముద్ర పడని ఫ్యాక్టరీ అలుగులూ ఉన్నాయి. ఇంకో పొరపాటు పిడికి వేలాడే కుచ్చు చూసి హోదా చెప్పేయడం. గోధుమ, నీలం రంగులుంటే లెఫ్టినెంటు నుంచి కెప్టెన్ దాకా, గోధుమ, ఎరుపు ఉంటే మేజరు నుంచి కల్నల్ దాకా అన్నది నిజమే. అయితే కుచ్చు మార్చడానికి రెండు నిమిషాలు చాలు. పిడి చివర వెండితో అతికిన కుటుంబ చిహ్నం దానికంటే నమ్మదగింది, అది అలంకారంగా తర్వాత అంటించినది కాకపోతే. సాక్ష్యం మార్చడం ఎంత కష్టమైతే దాని మాటకు అంత బరువు ఇవ్వాలి. ఆ లెక్కన అన్నిటికంటే బరువైన సాక్షి అలుగు అంచున కనిపించే తెల్లని తరగ.

జపాన్ కమ్మరులు హామోన్ అని పిలిచే ఆ తరగ బొమ్మ కాదు, ఉక్కులో జరిగిన మార్పు. సంప్రదాయ పద్ధతిలో అలుగు వీపుకు దట్టంగా, వాదర వైపు పలుచగా మట్టి పూసి, దాదాపు 750 నుంచి 800 డిగ్రీల దాకా కాల్చి నీళ్ళలో ముంచుతారు. మట్టి పలుచగా ఉన్న వాదర క్షణాల్లో చల్లబడుతుంది. వేడిలో ఇనుములో కరిగి ఉన్న కార్బన్‌కు బయటపడే సమయం చాలక స్ఫటికాల మధ్య ఇరుక్కుపోతుంది. అలా పుట్టే గట్టి రూపాన్ని మార్టెన్‌సైట్ అంటారు. మందంగా మట్టి కప్పుకున్న వీపు నిదానంగా చల్లారి మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. మార్టెన్‌సైట్ ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక వాదర వైపు ఉబ్బి అలుగు వెనక్కి వంగుతుంది. ఆ కత్తికున్న అందమైన వంపులో కొంత సమ్మెటదైతే కొంత ఈ నీళ్ళది. నీళ్ళలో ముంచిన అలుగును దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో చూస్తే తరగ గీత పొడవునా మెరిసే చిన్న చుక్కలు, వాటి చుట్టూ మంచులాంటి పొర కనిపిస్తాయి. ఆ పొర ఉక్కు లోపల ఉన్నట్టుంటుంది. నకిలీ తరగను యాసిడ్‌తో గానీ తీగ బ్రష్షుతో గానీ గీస్తారు. అది పైపైన ఒకే రకం తెలుపుగా నిలుస్తుంది, వెలుగు తిప్పినా మారదు.

యుద్ధంలో నీళ్ళ పద్ధతికి రెండు అడ్డంకులు వచ్చాయి. నీళ్ళలో ముంచినప్పుడు కొన్ని అలుగులు పగిలిపోతాయి; ఒక్కో కత్తికి నిపుణుడు కావాలి. 1937లో చైనాతో పూర్తి యుద్ధం మొదలయ్యాక లక్షల సంఖ్యలో కత్తులు కావలసివచ్చాయి. మిల్లు ఉక్కు కడ్డీని యంత్రపు సుత్తి కింద సాగదీసి, నూనెలో ముంచి చల్లార్చారు. నూనె నీళ్ళకంటే నెమ్మదిగా చల్లారుస్తుంది, పగుళ్ళు తక్కువ, పని వేగం. అలాంటి అలుగుకూ తరగ ఉంటుంది గానీ మెరిసే చుక్కలు దాదాపు ఉండవు; సెకి అలుగుల్లో అల శిఖరాల దగ్గర నల్లని మచ్చలు చాలాసార్లు కనిపిస్తాయి. ఫ్యాక్టరీ అన్న మాట వినగానే పనికిరానిదని తోసేయడం కూడా సరికాదు. దక్షిణ మంచూరియా రైల్వే వాళ్ళు గట్టి ఉక్కు గొట్టంలో మెత్తని ఇనుప గుండె దూర్చి సాగదీసిన కత్తులు చేశారు. మంచూరియా చలికి పెళుసుబారి విరగకుండా ఉండడం వాటి లక్ష్యం. ఆయుధంగా చూస్తే అవి తెలివైన ఇంజనీరింగ్. ఇంకోవైపు టోక్యోలోని యాసుకుని ఆలయ ఆవరణలో 1933 నుంచి 1945 దాకా కమ్మరులు పూర్తిగా పాత పద్ధతిలో సుమారు 8,100 కత్తులు చేశారు. ఇనుప ఇసుకనూ బొగ్గునూ మూడు పగళ్ళు, మూడు రాత్రులు కాల్చితే వచ్చే ఉక్కునే వాళ్ళు వాడారు. కనుక "యుద్ధకాలపుది" అన్న మాటా "నాసిరకం" అన్న మాటా ఒకటి కావు.

పాత పద్ధతి గురించి మాట్లాడేటప్పుడు సినిమాలు నేర్పిన ఒక అతిశయోక్తిని పక్కన పెట్టాలి. ఉక్కును వెయ్యిసార్లు మడిచారంటారు. మడతకు పొరలు రెట్టింపవుతాయి. పదిసార్లు మడిస్తేనే 1,024 పొరలు, పదిహేనుసార్లకు 32,768. అంతకు మించితే పొరకూ పొరకూ తేడా మిగలదు, ప్రతి కాల్పులో కార్బన్ మండిపోయి ఉక్కు మెత్తబడుతుంది. వెయ్యి అన్నది పొరల లెక్క. మడతల లెక్క పది, పదిహేను దగ్గరే ఆగుతుంది.

ఇక తుప్పు. తోక మీది తుప్పును కమ్మరులూ సేకర్తలూ గడియారంలా వాడతారు. పాత అలుగు తోక నల్లగా, నున్నగా, బిగుతుగా ఉంటుంది. యుద్ధకాలపు తోక మీద ఇంకా ఉక్కు రంగు తొంగిచూస్తూ, పైన పలుచని గోధుమ పొర ఉంటుంది. ఈ కొలమానాలు జాగ్రత్తగా దాచిన కత్తుల మీద ఏర్పడినవి. కృష్ణా డెల్టాకు వాటిని యథాతథంగా తేకూడదన్న ఆక్షేపణ సబబే. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. బందరు, నాగాయలంక, అవనిగడ్డ వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ ఆ గీత పైనే ఉంటుంది. దానికి సముద్రపు ఉప్పు తోడైతే చెప్పనక్కర్లేదు. ఉప్పు గాలిలోని తేమను లాగి ఇనుము మీద సన్నని తడి పొర నిలబెడుతుంది, క్లోరైడ్ తుప్పు కింద దూరి గుంటలు తవ్వుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో తడిసిన ఇనుప వస్తువేదైనా ఇప్పటికీ లోపల ఉప్పు మోస్తూ ఉండొచ్చు. అలాంటి చోట 80 ఏళ్ళ తోక 300 ఏళ్ళ దానిలా ముదిరి కనిపించే అవకాశం ఉంది. అయినా రెండు తుప్పులూ ఒకటి కావు. తొందరగా పట్టింది నారింజ రంగులో, పొరలు పొరలుగా రాలుతూ, గుంటలతో ఉంటుంది. నిదానంగా పట్టింది నల్లగా, గట్టిగా, వేలికి అంటకుండా ఉంటుంది. ఇక్కడ రంగు చూసి వయసు కట్టడం మాని, ఆకురాయి గీతల పదును చూడడం మేలు. తోకను కమ్మరి ఆకురాయితో ఒక వరసలో గీస్తాడు. ఆ గీతల అంచులు ఇంకా వేలికి గరుకుగా తగిలితే అలుగు చిన్న వయసుదే.

ఇంత కళ్ళ పరీక్ష దేనికి, ల్యాబ్‌కు పంపితే తేలిపోదా అని మరో ప్రశ్న. కొంత తేలుతుంది. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రం అలుగును గీయకుండానే దానిలోని మాంగనీసును పట్టేస్తుంది. ఆధునిక మిల్లు ఉక్కులో గంధకాన్ని అదుపు చేయడానికి మాంగనీసు కలుపుతారు. ఇనుప ఇసుకతో చేసిన పాత ఉక్కులో అది అతి స్వల్పం. అయితే అదే యంత్రం కార్బన్‌ను కొలవలేదు, అది మరీ తేలిక మూలకం. బ్రిటన్‌లోని ఐసిస్ న్యూట్రాన్ కేంద్రంలో ఇటలీ పరిశోధకులు జపాన్ కత్తులను న్యూట్రాన్ కిరణాలతో పరీక్షించి, కోయకుండానే లోపల ఉక్కు ఎలా అమరిందో చూశారు. రేడియోకార్బన్ పరీక్షకు ఇంకా విచిత్రమైన శక్తి ఉంది. కట్టెబొగ్గుతో తీసిన ఉక్కులోని కార్బన్ ఆ చెట్టు బతికిన కాలం చెబుతుంది. రాతిబొగ్గుతో తీసిన దానిలో రేడియోకార్బన్ ఎప్పుడో కోట్ల ఏళ్ళ కిందటే అంతరించింది కనుక మిల్లు ఉక్కు అర్థంలేనంత పాతదిగా తేలుతుంది, ఆ అసంబద్ధతే దాన్ని పట్టిస్తుంది. కానీ 0.7 శాతం కార్బన్ ఉన్న ఉక్కు నుంచి ఒక్క మిల్లీగ్రాము కార్బన్ రావాలంటే దాదాపు 150 మిల్లీగ్రాముల ఉక్కు గీకాలి. ల్యాబ్ లోహం గురించే చెబుతుంది. ఒర ఎవరిది, నెంబర్లు కలిశాయా, సంతకం దొంగదా అన్నవి దానికి అక్కర్లేదు. అలుగును అప్పగించే ముందే తొడుగును చదివి ఉండాలి.

మిగిలింది కుటుంబ కథ. మన జిల్లాల్లో ఇలాంటి కత్తికి ఎక్కువగా అతుక్కునే కథ బర్మాది. రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కోరంగీలని పిలవబడిన తెలుగువాళ్ళు వేల సంఖ్యలో పనిచేశారు. 1941 డిసెంబరు నుంచి 1942 మధ్య దాకా కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చినవాళ్ళు ఎందరో. "తాత రంగూన్ నుంచి నడిచొస్తూ తెచ్చాడు" అన్న మాటను తేదీల పక్కన పెట్టి చూడండి. జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకుంది 1942 మార్చి 8న. వలస వచ్చినవాళ్ళు ఆ సైన్యానికి భయపడి ముందే పరుగెత్తినవాళ్ళు. జపాన్ అధికారి కత్తి వాళ్ళ చేతికి ఎలా వస్తుంది? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద పడినవి బాంబులు; జపాన్ సైనికుడు మన తీరాన దిగలేదు. కత్తులు ఈ గడ్డకు రావడానికి సహజమైన దారి 1945 తర్వాతిది. ఆ ఏడాది సెప్టెంబరు 12న సింగపూర్‌లో మిత్రపక్షాల సేనాని మౌంట్‌బాటన్ లొంగుబాటు స్వీకరించాడు. జపాన్ అధికారులు అందరి ఎదుటా కత్తులు అప్పగించాలని పట్టుబట్టింది ఆయనే. నవంబరు 30న సైగాన్‌లో ఫీల్డ్ మార్షల్ తెరౌచి తన రెండు కత్తులనూ ఆయన చేతిలో పెట్టాడు. అలా పోగైన కత్తులు మిత్రపక్షాల అధికారులకు జ్ఞాపికలయ్యాయి. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళ నుంచీ, మద్రాస్ రెజిమెంట్, మద్రాస్ శాపర్ల నుంచీ తెలుగువాళ్ళు ఆ యుద్ధంలో ఉన్నారు. కనుక ఇంట్లో ఆ కాలపు సైనికుడు ఉన్నాడంటే కథకు కాళ్ళొస్తాయి. పిడికి కట్టిన చిన్న చెక్క బిళ్ళ మీదో గుడ్డ పీలిక మీదో జపాన్ అక్షరాలు ఉంటే అది అప్పగించిన అధికారి పేరు కావచ్చు. చెత్తనుకుని తెంపేస్తే కథకున్న ఒకే ఒక్క కాగితం పోయినట్టే.

కథ మీద మోజు ఎంత బలమైందో చూపడానికి ఇంతకంటే పాత ఉదాహరణ ఒకటుంది, అది బందరు దాకా వస్తుంది. జపాన్‌ను ఏలిన షోగన్ తొకుగవా ఇయెయాసుకు కత్తులు చేసిన యాసుత్సుగు అనే కమ్మరి, 17వ శతాబ్ది తొలినాళ్ళలో, తన అలుగుల తోకల మీద తొకుగవా వంశపు ఆకుల చిహ్నం చెక్కి, విదేశీ ఇనుముతో చేశానని రాసుకున్నాడు. అది నౌకల మీద వచ్చిన ఇనుము. ఆ శతాబ్ది తొలి దశాబ్దంలోనే డచ్చివాళ్ళు మచిలీపట్నంలో కోఠీ తెరిచారు, 1609లో జపాన్‌లోని హిరాదోలో తెరిచారు. గోల్కొండ సీమ ఇనుమూ ఉక్కూ మచిలీపట్నం రేవు నుంచి డచ్చి ఓడలెక్కి బటావియాకు వెళ్ళాయి. నిజామాబాదు దగ్గర కోనసముద్రంలో మూసలో కరిగించి చేసే ఉక్కు కోసం ఇస్ఫహాన్ వర్తకులు వచ్చి కూర్చునేవారని, 1820లలో అక్కడికి వెళ్ళిన భూగర్భ శాస్త్రవేత్త వాయ్‌సీ రాశాడు. ఇన్ని చుక్కలు కనబడ్డాక గీత కలపాలనిపించడం సహజం. ఆ విదేశీ ఇనుములో కొంత భారతదేశానిదని అనుకున్న పండితులూ ఉన్నారు. కానీ ఓడ వెళ్ళిందన్నది ఒక సాక్ష్యం, ఆ ఓడలోని ఉక్కే ఈ అలుగులో ఉందన్నది వేరే సాక్ష్యం. రెండోది ఉక్కులోని మలినాల కొలత నుంచి రావాలి. పొరుగువాడి బర్మా కథను తేదీలతో నిలదీసిన మనం, మన గొప్ప చెప్పే బందరు కథను అంత గట్టిగానే నిలదీయకపోతే అది విజ్ఞానం అనిపించుకోదు.

మనుషుల ప్రాణాలు తీయడానికి చేసిన వస్తువు, దీని మీద ఇంత శ్రద్ధ ఎందుకని అడిగేవాళ్ళ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆ కత్తులతో ఆసియాలో ఏం జరిగిందో లోకానికి తెలుసు. కానీ సరిగా గుర్తించని కత్తి గొప్పల కథలకే పనికొస్తుంది. నెంబరుతో, ముద్రతో, సంవత్సరంతో గుర్తించిన కత్తి ఏ ఫ్యాక్టరీ ఎవరికోసం పనిచేసిందో చెప్పే పత్రమవుతుంది. నిజమైన ప్రమాదం శ్రద్ధ నుంచి కాదు, భక్తి నుంచి వస్తుంది. దసరాకు ఆయుధపూజ అనగానే ఇంట్లో ఉన్న ఇనుమంతా తోముతాం. చింతపండు పులుసు ఇత్తడి చెంబుకు మంచిదే. అలుగు మీద పడితే దానిలోని ఆమ్లం మెరుగును తినేసి తరగ గీతను మసకబారుస్తుంది. తడి పసుపూ కుంకుమా పిడి సందుల్లో చేరి తేమ పట్టి ఉంచుతాయి. కొబ్బరినూనె, నువ్వులనూనె కొన్నాళ్ళకు జిగురుగా ముదిరి దుమ్ము పట్టిస్తాయి. వీటికంటే చేటు వీధిలో వచ్చే సానచక్రం. నిప్పురవ్వలు లేచేంత వేడిలో వాదరలోని మార్టెన్‌సైట్ మెత్తబడుతుంది. కమ్మరి ఒక్క ముంచుతో తెచ్చిన గట్టిదనం ఒక్క నిమిషంలో పోతుంది, మళ్ళీ రాదు. తోక మీది తుప్పు గీకడం అంతకంటే పెద్ద తప్పు. వయసుకు సాక్షిగా మిగిలిన పొరను చేతులారా తుడిచేసినట్టు అవుతుంది. మెత్తని పొడిబట్టతో తుడిచి, అలుగుకు మాత్రమే కుట్టుమిషను నూనె లాంటి పలుచని ఖనిజ నూనె ఒక చుక్క రాస్తే చాలు.

చట్టం దగ్గర కూడా ఈ రెండు వయసుల ప్రశ్న వదలదు. జపాన్‌లో సంప్రదాయ పద్ధతిలో చేసిన అలుగుకే కళాఖండంగా రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. యుద్ధకాలపు ఫ్యాక్టరీ అలుగుకు అక్కడ చోటు లేదు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు నిండినదాన్నే పురావస్తువుగా చూస్తుంది, అలాంటిదాన్ని సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. 1942లో చేసిన కత్తికి ఆ వయసు 2042లో నిండుతుంది. కానీ దాని పిడిలో 1640 నాటి అలుగు ఉంటే అది ఎప్పుడో పురావస్తువు అయిపోయింది, ఇంటివాళ్ళకు తెలిసినా తెలియకపోయినా. ఆయుధాల చట్టం, 1959 సంగతి వేరే ఉంది. 2016 నియమాల జాబితాలో ఖడ్గాలు చేరి ఉన్నాయి కనుక అటక మీద ఇలాంటిది దొరికితే ముందు స్థానిక పోలీసులను అడిగి తెలుసుకోవాలి, కొనేవాడి కోసం ఫోటో పంచిపెట్టకూడదు. తర్వాత తోకకు రెండువైపులా, ఒర నోటికి, బిళ్ళల మీది అంకెలకు వెలుతురులో ఫోటోలు తీసి, పక్కన స్కేలు ఉంచి, పురావస్తు శాఖ వారికో బాపు మ్యూజియం వారికో చూపించండి. అప్పటిదాకా చింతపండుకూ సానరాయికీ దాన్ని దూరంగా ఉంచండి.